మంచుదారుల లెక్క తేల్చిన తెలుగు స్వామి

రాజపాళయం వాసులకు కొండదారి కొత్త కాదు. పడమటి కనుమలు ఊరి గడపలోనే ఉన్నవి. సంజీవి కొండను చూస్తూ పెరిగినవారు, అయ్యనార్ జలపాతానికి పోయి వచ్చినవారు, ఆడి అమావాస్యకు తాణిపారై నుండి చతురగిరి ఎక్కి సుందర మహాలింగస్వామిని సేవించినవారు మన పాఠకులలో లేని ఇల్లుండదు. కొండమీద వాన కురిస్తే క్రింది వాగు ఎంత త్వరగా పొంగుతుందో కూడ వారికి తెలియును. 2015లో చతురగిరి దారిలో అకస్మాత్తుగా వచ్చిన వరదలో భక్తులు కొట్టుకొనిపోయిన సంగతి ఇంకను మరపునకు రాలేదు. ఎరుగనిది మంచు. మంచుదారి ఎప్పుడు తెరచుకొనును, ఎప్పుడు మూసుకొనును, ఏ వేళ అడుగు పెట్టవచ్చును, ఏ వేళ పెట్టరాదు అనే విషయాలు దక్షిణాదివారి అనుభవంలో లేనివి.

ఆ విషయాలను ఏళ్ల తరబడి స్వయంగా నడిచి, చూచి, కొలిచి, సామాన్య యాత్రికుని చేతికి అందించినవారు ఒక తెలుగువారు కావడం విశేషం. ఆయనే కైలాస మానససరోవర ప్రణవానంద స్వామి. బెంగాలులో భారత సేవాశ్రమ సంఘాన్ని స్థాపించిన ప్రణవానందులు వేరు, వీరు వేరు. పేరొక్కటే కావడం వలన చాలమంది పొరబడుతుంటారు.

వీరి పూర్వాశ్రమ నామం కనకదండి వెంకట సోమయాజులు. 1896లో తూర్పు గోదావరి ప్రాంతంలో జన్మించారు. చదువు నిమిత్తం లాహోరు వెళ్లి అక్కడి డి.ఎ.వి. కళాశాలలో పట్టభద్రులై, అదే నగరంలో రైల్వే కార్యాలయంలో ఉద్యోగం చేశారు. గాంధీజీ సహాయ నిరాకరణానికి పిలుపునిచ్చినప్పుడు ఆ ఉద్యోగాన్ని వదలి స్వస్థలానికి వచ్చి, పశ్చిమ గోదావరి ప్రాంతంలో కాంగ్రెసు కార్యకర్తగా కొన్ని సంవత్సరాలు శ్రమించారు. ఆ తరువాత మనసు హిమాలయాల వైపు మళ్లింది.

వీరి గురువు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోరాదు. ముఖ్యంగా రాజపాళయం పాఠకులకు చెప్పవలసిన మాట అది. గురువు పేరు స్వామి జ్ఞానానంద. పూర్వాశ్రమంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, భీమవరం సమీపంలోని గొరగనమూడి గ్రామస్థులు. విజయనగర కాలం తరువాత దక్షిణానికి తరలివచ్చి రాజపాళయంలో స్థిరపడిన రాజుల కుటుంబాలకు ఆ ఇంటిపేర్ల ఒరవడి పరిచయమే. మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన కుమారస్వామిరాజా గారి ఇంటిపేరు పూసపాటి కావడం అందరెరిగినదే. జ్ఞానానంద స్వామి హిమాలయాలలో యోగసాధన చేసి, యూరపు వెళ్లి, భౌతికశాస్త్రం అభ్యసించి, డాక్టరేటు పొంది, స్వదేశానికి తిరిగివచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్ర విభాగానికి అధిపతిగా పనిచేశారు. గురువు పుట్టినది కూడ 1896లోనే. ఒకే ఏట పుట్టిన ఇద్దరిలో ఒకరు గురువు, ఒకరు శిష్యులు. కాషాయం కట్టినవాడు కొలబద్దను పట్టరాదన్న నియమం లేదని శిష్యునికి గురువు జీవితమే చూపింది.

ప్రణవానంద స్వామి కైలాసానికి మొదటిసారి 1928లో వెళ్లారు. అదీ కాశ్మీరు నుండి లడఖ్ మీదుగా, మిక్కిలి దూరమైన దారిలో. తిరిగి 1935లో గంగోత్రి వైపు నుండి వెళ్లారు. ఆ పిమ్మట దాదాపు ప్రతి సంవత్సరం వెళ్లి నెలల తరబడి అక్కడే గడిపారు. కైలాస ప్రదక్షిణ, మానససరోవర ప్రదక్షిణ ఒక్కొక్కటి ఇరవై సార్లకు పైగా చేశారు. ఆ రోజులలో అల్మోడా నుండి కైలాసానికి రెండు వందల మైళ్లకు మించిన నడక. దారిలో ధార్చూలా, గర్బ్యాంగు దాటి, సుమారు 16,750 అడుగుల ఎత్తున ఉన్న లిపులేఖ్ కనుమ ఎక్కి దిగితే తక్లాకోట వచ్చును. అక్కడి నుండి టిబెట్టు పీఠభూమి. సామాను మోయుటకు గుఱ్ఱాలు, జడలబర్రెలు. జీవితంలో ఒక్కసారి పోయి వచ్చినవారిని ఊరంతా పూజించే యాత్ర అది.

అయితే వారి జీవితంలో అన్నిటికంటె గొప్ప ఘట్టం 1936–37 నాటి శీతకాలం. యాత్రికులందరు వేసవిలో వెళ్లి వర్షకాలం ముగియకముందే తిరిగివచ్చేవారు. శీతకాలంలో ఆ సరస్సు ఎట్లుండునో అక్కడి గొఱ్ఱెల కాపరులకు, మఠాలలోని లామాలకు తప్ప వేరొకరికి తెలియదు. స్వామి సరోవరం దక్షిణపు ఒడ్డున ఉన్న తుగోల్హో మఠంలో ఏడాది పొడవునా నివసించారు. ఆ ఎత్తు దాదాపు పదిహేను వేల అడుగులు. దక్షిణాన గుర్లా మాంధాత శిఖరం, ఉత్తరాన కైలాసం. వంటచెరకు దొరకదు, జడలబర్రె పిడకలే పొయ్యిలోకి. అటువంటి చోట ఉష్ణమాపకం వ్రేలాడదీసి, రోజు రోజూ చలిని, గాలిని, నీటిని గమనించి వ్రాసుకొన్నారు.

వారు చూచినది ఏమనగా, సరోవరం ఒక్కసారి గడ్డకట్టదు. మొదట ఒడ్డులు పేరుకొనును. నడిమి నీరు గాలికి కదులుతూ చాలకాలం ఎదిరించును. డిసెంబరు ఆఖరు నాటికి నీరంతా ఒక్క పలక అగును. అంతటితో సరస్సు నిద్రపోయినదని అనుకొంటే పొరపాటు. వాగులు గడ్డకట్టి క్రొత్త నీరు రావడం ఆగిపోవును. మంచు పలక క్రింద నీటి మట్టం దిగును. పైనున్న పలకకు ఆధారం తగ్గి, పిడుగు పడినట్లు శబ్దం చేస్తూ పగుళ్లు విచ్చును. కొన్ని చోట్ల అడుగుల వెడల్పున చీలికలు, మరికొన్ని చోట్ల పైకి ఎగదన్నిన మంచుదిమ్మెల గుట్టలు. ఆ కారణం చేత గడ్డకట్టిన మానససరోవరం మీదుగా అడ్డంగా నడచిపోవడం ప్రాణాపాయం.

ప్రక్కనే ఉన్న రాక్షసతాలం సంగతి వేరు. అది ముందుగా గడ్డకట్టును, ఆలస్యంగా కరుగును. దాని పలక గట్టిది. మనుషులు, మందలు, బరువు మోసే జంతువులు దాని మీదుగా దాటిపోవుట కద్దు. స్వామి 1937 ఏప్రిల్‌లో ఆ మంచు మీద నడచి సరస్సు నడుమనున్న రెండు దీవులను చూచి వచ్చారు. నీరున్నప్పుడు పడవ లేక చేరరాని చోటు అది. మన పురాణ దృష్టికి ఒకటి దేవతల సరస్సు, మరొకటి రాక్షసుల సరస్సు. నడిచేవాని పాదానికి మాత్రం రాక్షసుని సరస్సే నమ్మదగినది. స్వామికి ఇందులో హాస్యం కనబడినదో లేదో గాని, చదివేవారికి మాత్రం తప్పక కనబడును.

బాట విషయంలో వారు తేల్చిన మరొక సంగతి యాత్రికులకు ఎంతో ఉపయోగపడినది. మానససరోవర ప్రదక్షిణ సుమారు 54 మైళ్లు. వేసవిలో ఒడ్డు వెంబడి నడవడం సాధ్యం కాదు. కరిగిన మంచునీటితో వాగులు ఉరకలు వేయును, ఒడ్డంతా బురద. అందుచేత దూరంగా తొలగి చుట్టు తిరుగవలెను. శీతకాలంలోనో, దాని అంచులలోనో వాగులు ఎండియో గడ్డకట్టియో ఉండును గనుక నీటి అంచునే పట్టుకొని నడువవచ్చును. చలి ఎక్కువైనా దారి సులువన్నమాట. వేసవిలో వెళ్లేవారు వాగులను ఉదయం తొమ్మిది, పది గంటల లోపలనే దాటుకోవలెను. ఎండ ఎక్కిన కొలది పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి మోకాటి లోతు నీరు నడుము లోతగును. మన చతురగిరి వాగు వానకు పొంగితే అక్కడి వాగు ఎండకు పొంగును. ఆకాశం నిర్మలంగా ఉన్నది కదా అని ధైర్యపడిన దక్షిణాది యాత్రికుడు అక్కడనే మోసపోవును.

కనుమలకూ అదే సూత్రం. రాత్రి చలికి మంచు గట్టిపడి తెల్లవారుజామున పాదాన్ని మోయును. ప్రొద్దెక్కితే మెత్తబడి తొడల వరకు దిగబడును. కైలాస ప్రదక్షిణ సుమారు 32 మైళ్లు. అందులో డోల్మా కనుమ పద్దెనిమిది వేల అడుగులకు పైబడిన ఎత్తు. దాని ప్రక్కనున్న గౌరీకుండం వేసవిలో సైతం మంచుకప్పుతోనే కనిపించును. నిండు శీతకాలంలో ఆ కనుమ మూసుకొనిపోవును. టిబెట్టు వైపు మంచు కురియడం మన వైపు కంటె తక్కువే, హిమాలయపు గోడ వర్షమేఘాలను ఆపివేయును గనుక. అక్కడ అసలు శత్రువు గాలి. మిట్టమధ్యాహ్నం మొదలై ముఖాన్ని కోసే గాలి. తెల్లని మంచు మీద పడిన ఎండ కళ్లను కొట్టి తాత్కాలికంగా చూపు పోగొట్టును గనుక నల్ల అద్దాలు తప్పనిసరి.

ఇవన్నీ స్వామి తమ గ్రంథాలలో పొందుపరచారు. టిబెట్టులో తమ అన్వేషణ గురించిన గ్రంథాన్ని కలకత్తా విశ్వవిద్యాలయం 1939లో ప్రచురించింది. 1949లో వెలువడిన కైలాస మానససరోవర గ్రంథానికి ప్రధానమంత్రి నెహ్రూ ముందుమాట వ్రాశారు. అందులో ఏ మజిలీ నుండి ఏ మజిలీకి ఎన్ని మైళ్లు, ఎత్తు ఎంత, గుడారం ఎక్కడ వేయవచ్చును, ఏ సరకు ఎక్కడ దొరకును అనేవి పట్టికలుగా కూర్చారు. ఆధ్యాత్మిక గ్రంథమని తెరచినవానికి ఫర్లాంగుల లెక్కలు ఎదురగును. నా దృష్టిలో వారి తపస్సంతా ఆ పట్టికలలోనే ఉన్నది. సరోవరంలో బంగారు పద్మాలు, ముత్యాలు ఉండునని నమ్మి వచ్చేవారికి అవి అక్కడ లేవని స్పష్టంగా తెలియజేశారు. అట్లని సరోవరం మీద భక్తి వారికి ఇసుమంతైనా తగ్గలేదు.

నదుల జన్మస్థానాల గురించి కూడ వారు పెద్ద వివాదానికి తెర తీశారు. బ్రహ్మపుత్ర, సింధు, శతద్రు, కర్ణాలి నదులు ఆ ప్రాంతంలోనే పుట్టుచున్నవి. స్వీడను దేశపు అన్వేషకుడు స్వెన్ హెడిన్ అంతకుముందే వాటి మూలాలను నిర్ణయించినట్లు ప్రకటించి ప్రపంచఖ్యాతి పొందారు. స్వామి ఆ చోట్లకు స్వయంగా వెళ్లి, స్థానికుల సంప్రదాయాన్ని, నీటి పరిమాణాన్ని పోల్చి చూచి, ఆ నిర్ణయాలలో కొన్ని సరికావని లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పత్రికలో 1939లో వ్యాసం ప్రచురించారు. బ్రహ్మపుత్రకు చెమయుంగ్‌డుంగ్ హిమానీనదమే మూలమని వారి వాదం. ఆ సొసైటీ వారిని సభ్యులుగా స్వీకరించింది. నది మొదలు ఏది అన్న ప్రశ్నకు కొలత మారితే జవాబు మారును గనుక ఆ చర్చ తరువాత కూడ సాగుతూనే వచ్చినది.

1943–44లో మరల పదహారు నెలలు సరోవరం దగ్గరనే గడిపారు. 1950 తరువాత టిబెట్టు పరిస్థితులు మారిపోయి ఆ దారులు క్రమంగా మూతపడినవి. అప్పటికి స్వామికి అరవై సమీపించుచున్నవి. విశ్రాంతి తీసుకొనక, దృష్టిని ఇవతలి హిమాలయాల వైపు మళ్లించారు.

అక్కడనే రూపకుండం కథ వచ్చును. చమోలీ జిల్లాలో త్రిశూల పర్వతం నీడలో, పదహారు వేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్న చిన్న మడుగు అది. ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టియే ఉండును. 1942లో అటవీ అధికారి ఒకరు అక్కడ వందల కొద్ది మానవ కంకాళాలు పడియుండుట గమనించారు. వారెవరు? మంచులో ఎట్లు చిక్కుకొన్నారు? స్వామి 1950ల ద్వితీయార్ధంలో పలుమార్లు ఆ ఎత్తు ఎక్కి, ఎముకలను, పాదరక్షలను, ఆభరణాలను పరిశీలించారు. నందాదేవి యాత్రకు పరివారంతో వచ్చిన కనోజి రాజు యశోధవళుని బృందం 14వ శతాబ్దంలో అక్కడ మరణించినదని, స్థానిక జానపద కథలతో సరిపోల్చి నిర్ణయించారు. ఆడవారిని, పిల్లలను వెంటబెట్టుకొని, కొండ ఋతువు తెలియని మైదానపువారు అంత ఎత్తుకు రావడం వలన ఆ ప్రమాదం కలిగినదని వారి ఊహ.

ఆ ఊహలో కొంత నిలిచినది, కొంత నిలువలేదు. 2004లో వెళ్లిన శాస్త్రజ్ఞులు కొన్ని పుఱ్ఱెల మీద పైనుండి తగిలిన గుండ్రని దెబ్బలను చూచి, పెద్ద వడగండ్లు కారణమని భావించారు. 2019లో 38 కంకాళాల జన్యుపరీక్ష ఫలితాలు వెలువడినప్పుడు అందరు నివ్వెరపోయారు. వారిలో 23 మంది దక్షిణాసియా వారు, ఒక్కసారి కాక వేర్వేరు కాలాలలో, సుమారు వెయ్యి సంవత్సరాలకు పూర్వం మరణించినవారు. 14 మంది మధ్యధరా సముద్ర తూర్పు తీరపు వంశీయులు, దాదాపు 1800 ప్రాంతంలో మరణించినవారు. మిగిలిన ఒక్కరు ఆగ్నేయాసియా వారు. అంత దూరం నుండి వారెందుకు వచ్చారో ఇంతవరకు ఎవరును చెప్పలేకపోయారు. స్వామి నిర్ణయించిన కాలం తప్పినా, అది ఒక యాత్రాపథమనియు, ఆ బాటపై ప్రకృతి ప్రళయమే మృత్యువైనదనియు గ్రహించుటలో వారి చూపు చాల దూరం పోయినది.

భారత ప్రభుత్వం 1976లో వారికి పద్మశ్రీ ప్రదానం చేసినది. 1981లో కైలాస యాత్ర మరల ఆరంభమైనప్పుడు స్వామి జీవించియే ఉన్నారు. 1989లో, తొంబది మూడేండ్ల ప్రాయంలో పరమపదించారు.

ఆ యాత్ర తరువాత కూడ ఒడిదుడుకులతోనే సాగినది. 1998 ఆగస్టులో మాల్పా వద్ద కొండచరియ విరిగిపడి యాత్రికులు పెక్కుమంది మరణించారు. 2020లో ఆగిన యాత్ర 2025 జూన్‌లో లిపులేఖ్, నాథూలా దారులలో తిరిగి మొదలైనది. స్వామి వారాల తరబడి నడిచిన చోట ఇప్పుడు లిపులేఖ్ సమీపం వరకు మోటారు దారి పడినది. కైలాస ప్రదక్షిణలో డోల్మా కనుమను మాత్రం నేటికిని చీకటితో బయలుదేరి, మంచు గట్టిగా ఉండగానే, కాలినడకననో గుఱ్ఱం మీదనో దాటుచున్నారు.