జోహాన్నెస్ కెప్లర్ : విజ్ఞానము, విశ్వాసము

విజ్ఞాన శాస్త్రము క్రొత్త సంగతులను కనుగొనిన కొలది దేవుని యందలి విశ్వాసము బలపడునా, లేక సన్నగిల్లునా? కళాశాలలలో చదువుకొనుచున్న మన సంఘ యౌవనస్థులు ఈ ప్రశ్న అడుగుచున్నారు. వారి తలిదండ్రులు పైకి అడుగకపోయినను లోలోపల కలవరపడుచున్నారు. ఈ శతజయంతి సంచికలో దీనికి వాదములతో జవాబు చెప్పుటకంటె, ఈ ప్రశ్నను బ్రదుకంతయు మోసిన ఒక విశ్వాసి చరిత్రను సంఘస్థుల యెదుట ఉంచుట మేలని తలంచితిమి. ఆయనయే ఖగోళ శాస్త్రజ్ఞుడైన జోహాన్నెస్ కెప్లర్.

జర్మనీ దేశములో వైల్ డెర్ స్టాట్ అను చిన్న పట్టణమున 1571 డిసెంబరు 27న ఆయన జన్మించెను. తండ్రి కూలికి యుద్ధము చేయు సిపాయి. ఇల్లు విడిచి పోయి తిరిగి రాలేదు. చిన్నతనముననే మశూచికము సోకి కెప్లర్ చూపు మందగించెను. 1577లో గొప్ప తోకచుక్క కనబడినప్పుడు తల్లి కాతరీనా ఆయనను ఎత్తైన చోటికి తోడుకొనిపోయి చూపించెను. కన్నులు సరిగా కనబడని ఆ బాలుడే తరువాత ఆకాశపు లెక్కలను తేల్చెను.

పేదవాడైనను విద్యార్థి వేతనముతో చదివి, 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. లూథరను సంఘములో పాదిరి కావలెననుట ఆయన కోరిక. అచ్చట మెస్ట్లిన్ అను ఆచార్యుడు, భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదను కోపర్నికస్ సిద్ధాంతమును ఆయనకు నేర్పెను. 1594లో వేదాంత విద్య ముగియక మునుపే, ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణపు ప్రొటెస్టెంటు పాఠశాలకు గణితోపాధ్యాయునిగా పెద్దలు ఆయనను పంపిరి. బోధపీఠము చేయి జారిపోయెనని ఆయన మొదట బాధపడెను. కాని కొలదికాలములోనే, సృష్టి కూడ దేవుడు వ్రాసిన గ్రంథమే గనుక దానిని చదివి వివరించుటయు దైవసేవయేనని గ్రహించి, ఆ మాటనే తన గురువుకు వ్రాసెను.

1596లో ఆయన మొదటి గ్రంథము వెలువడెను. అప్పటికి తెలిసిన గ్రహములు భూమితో కలిపి ఆరు. వాటి నడుమనున్న ఐదు ఎడములలో జ్యామితిలోని ఐదు సమ ఘనరూపములు ఒకదానిలో ఒకటి ఇమిడియున్నవని, సృష్టికర్త వేసిన నమూనా ఇదియేనని ఆయన పరవశించెను. ఊహ అందమైనదే గాని నిజము కాదు. భక్తితో చేసిన ఊహ అయినంత మాత్రమున అది సత్యము కాజాలదు. ఇది మనము జ్ఞాపకముంచుకొనదగిన సంగతి.

1600లో గ్రాజ్ పాలకులు రోమను కథోలిక మతములో చేరని వారిని వెళ్లగొట్టినప్పుడు, కెప్లర్ తన విశ్వాసమును విడువనొల్లక కుటుంబముతో ప్రాగ్ నగరము చేరెను. అచ్చట టైకో బ్రాహీ అను ఖగోళజ్ఞుడు దూరదర్శిని లేని ఆ దినములలోనే గ్రహముల స్థానములను ఎంతో నిర్దుష్టముగా కొలిచి వ్రాసి పెట్టెను. 1601లో టైకో మరణించగా ఆ పని కెప్లర్ చేతికి వచ్చెను. అంగారకుని మార్గమును వృత్తముగా భావించి సంవత్సరముల తరబడి ఆయన లెక్కలు కట్టెను. లెక్క కుదిరినట్లే యుండెను గాని, టైకో కొలతకు ఎనిమిది కళల తేడా వచ్చెను. డిగ్రీలో అరువదవ వంతు ఒక కళ. ఎనిమిది కళలనగా మనకు కనబడు పూర్ణచంద్రుని వెడల్పులో ఇంచుమించు నాలుగవ వంతు. మరియొకరైతే కొలతలో పొరపాటని సరిపెట్టుకొందురు. కెప్లర్ ఆలాగు చేయలేదు. టైకో వంటి జాగ్రత్తగల పరిశీలకుని దేవుడే తమకు దయచేసెను గనుక, ఆ కొలతను త్రోసివేయుట కృతఘ్నతయని తలంచి, తన లెక్కనే కొట్టివేసెను. తుదకు గ్రహ మార్గము వృత్తము కాదు, దీర్ఘవృత్తమని తేలెను. 1609లో దానిని ప్రకటించెను.

ఆ గ్రంథపు పీఠికలోనే, యెహోషువ కాలమున సూర్యుడు నిలిచెనను వాక్యమును గూర్చి కూడ ఆయన వ్రాసెను. లేఖనములు జనులకు కనబడునట్లు, జనుల భాషలో మాటలాడునే గాని, ఖగోళ పాఠములు చెప్పుటకు వ్రాయబడలేదని ఆయన భావము.

ఇట్టివానికి శ్రమలు తప్పలేదు. 1611లో ఆరేండ్ల కుమారుడు మశూచికముతో చనిపోయెను. అదే సంవత్సరము భార్య బార్బరాయు గతించెను. 1612లో లింజ్ పట్టణము చేరగా, అచ్చటి లూథరను పాదిరి ఆయనను ప్రభు సంస్కారమునకు రానియ్యలేదు. క్రీస్తు శరీరము సర్వత్ర యున్నదను సిద్ధాంతమునకు, మనస్సాక్షి ఒప్పక, ఆయన మినహాయింపు లేకుండ సంతకము చేయకపోవుటయే కారణము. 1619లో ట్యూబింగెన్ వేదాంత పండితులును ఆ తీర్పునే బలపరచిరి. విశ్వాసము విడువనందుకు ఒక ఊరు పోగొట్టుకొనినవాడు, తన సంఘములోనే బల్ల యొద్దకు చేరలేకపోయెను. అయినను ఆయన సంఘమును దూషించి విడిచిపోలేదు. కాపరులమైన మాకు ఇది గద్దింపు. మంత్రగత్తె యని నేరము మోపబడిన తల్లి 1620లో చెరలో వేయబడగా, ఆయనే ఆమె పక్షమున వాదించి 1621లో విడిపించెను.

ఈ కష్టముల నడుమనే 1618 మే 15న ఆయన మూడవ సూత్రము తేటపడెను. సూర్యుని చుట్టు తిరుగుటకు గ్రహమునకు పట్టు కాలపు వర్గము, దాని దూరపు ఘనమునకు అనుపాతములో నుండును. గురుగ్రహము భూమికంటె 5.2 రెట్లు దూరమున నున్నది. 5.2ను మూడుసార్లు గుణించిన సుమారు 140.6, దాని కాలము 11.86 సంవత్సరములు, దాని వర్గము 140.7. ఇట్టి పొందికను చూచిన కెప్లర్, 1619లో ప్రకటించిన గ్రంథములో ప్రార్థనయు వ్రాసెను. తాను తప్పు వ్రాసియున్న యెడల సరిదిద్దుమని అందులో దేవుని వేడుకొనెను.

1630 నవంబరు 15న రేగెన్స్‌బర్గ్‌లో ఆయన కన్నుమూసెను. ముప్పదేండ్ల యుద్ధములో ఆ సమాధుల తోట నాశనమగుటచే సమాధి గుర్తు కూడ మిగులలేదు. సూత్రములు మాత్రము నిలిచినవి. మన శ్రీహరికోటనుండి ఎగసిన ఉపగ్రహములు ఆ సూత్రముల చొప్పుననే తిరుగుచున్నవి.

అయితే ఈ చరిత్ర మన ప్రశ్నకు చెప్పు జవాబేమి? ఆ సూత్రములు దేవుడున్నాడని ఋజువు చేయవు. దేవుని నమ్మనివాడును వాటితో లెక్క సరిగానే కట్టగలడు. బిడ్డను పాతిపెట్టిన దినమున ఏ సూత్రమును కెప్లరును ఓదార్చియుండదు. విశ్వాసము ఆయనకు ఆకాశము నుండి రాలేదు. వాక్యము వలన, సంఘము వలన ముందే కలిగెను. కాని కలిగిన విశ్వాసమును ఆ పరిశోధన రెండు విధములుగ బలపరచెను. సృష్టి క్రమమును చూచి ఆరాధించుటకు క్రొత్త కారణము నిచ్చెను. తన ఊహను దేవుని సత్యమని భ్రమపడకుండ తగ్గింపు నేర్పెను. ఈ రెండవదే గొప్పదని మేము ఎంచుచున్నాము.

మన సంఘ పితరులు గుడి ప్రక్కనే బడి కట్టించిరి. ఒకటి రెండవదానికి శత్రువని వారు తలంచలేదు. కాబట్టి తలిదండ్రులారా, మీ పిల్లలు పాఠములనుండి సందేహములు తెచ్చినప్పుడు గద్దించి నోరు మూయింపకుడి, కూర్చుండబెట్టి వినుడి. యౌవనస్థులారా, మీ లెక్కలో ఎనిమిది కళల తేడా వచ్చిన యెడల దాచకుడి. సత్యమునకు భయపడు విశ్వాసము సత్యదేవుని యందలి విశ్వాసము కాదు.