కథ చెప్పే ఉస్తాదు కె.వి. రెడ్డి

మన సంఘ సంచికలో సినిమా మనిషి జీవితమెందుకని పెద్దలు అడగవచ్చును. మార్కెట్లో పసుపు బేరం ముగిసినంక సినిమా మాట రాని ఇల్లు మన ఆర్మూరులో అరుదు. ఎట్లాగూ చూస్తున్నాము గనుక, ఆ విద్యలో ఉస్తాదు అనదగిన ఒకరిని గురించి తెలుసుకొనుట మంచిదని మా అభిప్రాయము.

కదిరి వెంకటరెడ్డిగారు 1912లో అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టినారు. మద్రాసులో భౌతికశాస్త్రం చదివి, సినిమా కంపెనీలో క్యాషియరుగా చేరినారు. లెక్కలు రాసిన ఆ చేతికే ‘భక్త పోతన’ (1943) దర్శకత్వం దక్కింది. తర్వాత ‘యోగి వేమన’ (1947), ‘గుణసుందరి కథ’ (1949) వచ్చినవి.

‘పాతాళ భైరవి’ (1951) చూసిన మన పిల్లలకు అల్లావుద్దీన్ దీపం జ్ఞాపకం రాక మానదు. అక్కడ దీపమైతే ఇక్కడ కోరినదిచ్చే ప్రతిమ. అరబ్బు దాస్తాను ఛాయకు కాశీమజిలీ కథల వాసన కలిసి, తోటమాలి కొడుకు తోటరాముడి కథ అయింది. ఉర్దూ బడి పిల్లవాడూ తెలుగు బడి పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూర్చుని సంతోషించే కథ ఇది.

రెడ్డిగారి పద్ధతి ఉపాధ్యాయులమైన మాకు మరీ నచ్చింది. స్క్రిప్టు పూర్తిగా కుదిరిందాకా షూటింగు మాటెత్తరు. ఏ సీను ఎన్ని నిమిషాలో స్టాప్‌వాచీ పట్టి ముందే లెక్క కట్టేవారు. పాఠం తయారు చేసుకోకుండా క్లాసుకు పోయిన పంతులు గంట కొట్టేదాకా ఏమి అవస్థ పడతాడో మాకు తెలుసు గదా!

‘మాయాబజార్’ (1957) సంగతి చూడండి. పాండవుల ఇంటి కథే గాని పాండవులు ఒక్కసారైనా తెరమీదికి రారు. రాలేదన్న సంగతి కూడా చూసేవారికి తోచదు. అనవసరమైనది తీసివేయడమెట్లాగో ఇక్కడ నేర్చుకోవచ్చును. ఇక కథకు మూలమేమిటి? బలరాముడు చెల్లెలికి పెండ్లి మాట ఇచ్చినాడు. జూదంలో పాండవుల ఆస్తి పోగానే, ఆ మాటను పక్కకు పెట్టి ధనవంతుల సంబంధానికి ఒప్పుకున్నాడు. ఘటోత్కచుడి మాయలకు నవ్వుతూనే ఈ చురక తగిలించుకొని ఇంటికి వస్తాము. ఉపన్యాసం చెప్తే వినని మనిషి కూడా ఈ కథ వింటాడు.

చివరి దినాలు అంత సుఖంగా గడవలేదు. 1968లో తీసిన ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ నడవలేదు. అంతటివారికీ అవకాశాలు తగ్గినవి. 1972 సెప్టెంబరు 15న కన్నుమూసినారు. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేస్తే మనుమల తరం కూడా వచ్చి చూసింది.

జోడాలు, జహేజు బేరాలతో కుదిరిన నిశ్చితార్థాలు చెడిపోతున్న ఈ కాలంలో, ఆ చిత్రాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని మళ్ళీ ఒకసారి చూడగలరని, చూసినంక బలరాముడి మాట గురించి పిల్లలతో కాసేపు మాట్లాడగలరని సభ్యులకు మా మనవి.