పంచగని హాస్టల్ నుంచి లండన్ నంబర్ వన్ దాకా

క్వీన్ బ్యాండ్ పాటలు ఇక్కడ మన పిల్లలకూ తెలుసు. పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా అని ఇళ్లలో చెబితే మాత్రం నమ్మరు.

1946లో జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ కొలువులో క్యాషియర్. కొడుకును ఎనిమిదేళ్లకే మహారాష్ట్రలోని పంచగని హాస్టల్లో చేర్చారు. తొలి బ్యాండ్ అక్కడే కట్టాడు. 1964లో జాంజిబార్‌లో తిరుగుబాటు రావడంతో ఆ కుటుంబం లండన్ శివారు ఫెల్తమ్ చేరింది. హీత్రోలో సామాన్లు ఎత్తాడు, కెన్సింగ్టన్‌లో పాత బట్టలు అమ్మాడు. భారతదేశంలో గడిచిన బాల్యం గురించి బయట పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆనాటి బ్రిటన్‌లో వలస వచ్చినవాళ్లు పడ్డ మాటలు తెలిస్తే, నాకది తప్పనిపించదు.

అప్పట్లో రికార్డు షాపుల అమ్మకాలు లెక్కగట్టి వారం వారం సింగిల్స్ చార్టు వేసేవారు. రేడియోలో మూడు నిమిషాల పాటలదే రాజ్యం. 1975లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సడీ’ ఆరు నిమిషాలకు ఐదు సెకన్లే తక్కువ. ఇంత పొడుగు పాట ఎవరు వేస్తారని కంపెనీ జంకింది. డీజే కెన్నీ ఎవరెట్ ఒక్క వారాంతంలోనే 14 సార్లు వేశాడు! తొమ్మిది వారాలు నంబర్ వన్. చివరికి అబ్బా బృందం ‘మమ్మా మియా’ దాన్ని దించింది.

1991 నవంబర్ 24న ఎయిడ్స్‌తో పోయాడు, 45 ఏళ్లకే. అంత్యక్రియలు పార్సీ పూజారులే జరిపించారు. డిసెంబర్‌లో అదే పాట మళ్లీ నంబర్ వన్, ఈసారి ఐదు వారాలు. ఆ డబ్బు ఎయిడ్స్ బాధితులకు అండగా నిలిచే టెరెన్స్ హిగ్గిన్స్ ట్రస్టుకు వెళ్లింది.