ఫాదర్ పెతితో, ఆయన గీసిన నది

కెనడా దేశపు ఉత్తరపు అంచున ఆర్కిటిక్ సముద్రంలో కలిసే హోర్నడే నది మన పాఠకులలో చాలామందికి తెలియదు. ఒక కథోలిక గురువు జీవితంలోని ముఖ్య ఘట్టం ఆ నదితో ముడిపడి ఉంది.

ఫాదర్ ఎమిల్ పెతితో 1838లో ఫ్రాన్సు దేశంలో జన్మించారు. నిష్కళంక మరియమాత ఓబ్లేట్ సభలో చేరి, 1862లో గురుపట్టం పొందిన వెంటనే కెనడాకు బయలుదేరారు. మెకెంజీ నది తీరంలోని ఫోర్ట్ గుడ్‌హోప్‌లో చాలా ఏండ్లు సేవ చేశారు. అక్కడి చిన్న దేవాలయం లోపలి గోడలను ఆయన స్వయంగా చిత్రాలతో అలంకరించారు. దెనె ప్రజల భాషలు నేర్చుకొని 1876లో వాటి నిఘంటువును ప్రచురించారు.

ఆయన వద్ద పెద్ద పరికరాలేవీ లేవు. దెనె వేటగాళ్ళతో కలిసి మంచులో నడిచి, తాను చూసిన దానికి వారు చెప్పిన దానిని జోడించి ఆ ప్రాంతపు పటం గీశారు. అందులో ఒక నదికి పారిస్ భూగోళ సంఘం అధ్యక్షుడైన లా రోన్సియేర్ లె నూరీ పేరు పెట్టారు. ఆ నది ఫ్రాంక్లిన్ అఖాతంలో కలుస్తుందని చూపారు. 1875లో ఆ సంఘం ఆయనకు వెండి పతకం ఇచ్చింది.

కాని దీర్ఘమైన చలికాలాలు, ఒంటరితనం మధ్య ఆయన మనస్సు దెబ్బతిన్నది. ఎవరో తనను చంపజూస్తున్నారనే భయం పట్టి పీడించేది. 1882లో మాంట్రియల్ సమీపంలోని మానసిక చికిత్సాలయంలో ఉంచారు. మరుసటి ఏడు ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళి, 1886లో సభను విడిచి, మరుయ్ గ్రామంలో విచారణ గురువుగా స్థిరపడ్డారు.

1899లో ఆ సముద్రతీరాన్ని పరిశీలించిన అమెరికా అన్వేషకుడు స్టోన్ ఫాదర్ పెతితో చూపిన నది లేనే లేదని తేల్చాడు. దానికి తూర్పున డార్న్లీ అఖాతంలో కలిసే మరొక నదికి హోర్నడే అని పేరు పెట్టాడు. ఫాదర్ పెతితో 1916లో మరణించేనాటికి ఆ మచ్చ తొలగలేదు.

20వ శతాబ్దం మధ్యలో అసలు సంగతి తేలింది. ఆయన చెప్పిన నది ఎగువ భాగం హోర్నడే నదిదే! అది చెట్లులేని మైదానంలో పుట్టి పశ్చిమంగా సాగి, ఉత్తరానికి మలుపు తిరిగి, లోతైన లోయగుండా సముద్రం చేరుతుంది. ఆయన పొరబడింది దాని ముఖద్వారం విషయంలోనే. ఆ నదిపై సుమారు 23 మీటర్ల ఎత్తున్న జలపాతానికి నేడు లా రోన్సియేర్ అనే పేరుంది. కారిబూ జింకలు ఈనే ఆ ప్రాంతం 1990లలో జాతీయ వనమైంది.

వేటగాళ్ళ మాటను ఆ గురువు నమ్మారు. వారు అబద్ధం చెప్పలేదు. మతిచలించిన మనిషి చేసిన పనంతా వ్యర్థమని తేలికగా కొట్టిపారేయరాదని ఆ నది ఇప్పటికీ చాటుతున్నది.