ఉచితం నామోషీ కాదని చాటిన నాటక నిర్మాత – జోసెఫ్ పాప్



గొప్పవారి జీవితాలంటే మనకు వెంటనే గుర్తుకొచ్చేది దేశనాయకులు, శాస్త్రవేత్తలు, సంఘసంస్కర్తలు. ఈసారి మనం ఒక నాటక నిర్మాత గురించి తెలుసుకుందాం. ఆయన నటుడిగా పేరు పొందలేదు. పాటలు రాయలేదు, బాణీలు కట్టలేదు. అయినా అమెరికా నాటకరంగాన్ని మలుపు తిప్పినవారి పేర్లు చెబితే ఆయన పేరు ముందు వరుసలో ఉంటుంది. ఆయనే జోసెఫ్ పాప్.

హాస్టల్లో ఉండి చదువుకునే మనకు ఈయన కథతో ఏం పని అని కొందరు అడగవచ్చు. పని ఉంది. ఉచితం అనే మాటతో మనం రోజూ బతుకుతున్నాం. ఉచిత భోజనం, ఉచిత పుస్తకాలు, ఉచిత దుప్పటి. ఆ మాటను బయటివాళ్లు ఒక రకమైన గొంతుతో అన్నప్పుడు మనలో చాలామందిమి తల దించుకున్నవాళ్లమే. జోసెఫ్ పాప్ మాత్రం ఆ ఒక్క మాట కోసం కోర్టు మెట్లెక్కారు, గెలిచారు కూడా.

పేదింటి బాల్యం

జోసెఫ్ పాప్ 1921 జూన్ 22న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. అసలు ఇంటిపేరు పాపిరోఫ్‌స్కీ. తల్లిదండ్రులు తూర్పు యూరప్ నుంచి పొట్ట చేత పట్టుకుని వలస వచ్చిన యూదులు. తండ్రి ట్రంకుపెట్టెలు చేసే కార్మికుడు. తల్లి కుట్టుపని చేసేది. ఇంట్లో మాట్లాడే భాష ఇడ్డిష్. 1929లో మొదలైన ఆర్థికమాంద్యంలో తండ్రికి పని దొరకడమే కష్టమైంది. అద్దెలు కట్టలేని బతుకు వారిది. ఆ కుర్రవాడు బూట్లు పాలిష్ చేశాడు, వీధుల్లో చిల్లర సరుకులు అమ్మాడు.

అయితే ఆ పేదవాడలో డబ్బు అడగని చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి పబ్లిక్ లైబ్రరీ. షేక్‌స్పియర్ నాటకాలు అతని చేతికి వచ్చింది అక్కడే. రెండోది పార్కు. అక్కడ ఉచితంగా జరిగే బ్యాండు కచేరీల్లో అతను సంగీతం విన్నాడు. ఈ రెండూ లేకపోతే తాను లేనని ఆయన పెద్దయ్యాక ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

మూడో ఆధారం ఒక టీచరు. బ్రూక్లిన్‌లోని ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ హైస్కూల్లో యులాలీ స్పెన్స్ అనే నల్లజాతి టీచరు ఉండేవారు. వెస్టిండీస్ నుంచి వచ్చిన ఆమె స్వయంగా నాటక రచయిత్రి. మాట ఎలా పలకాలో, వేదికపై ఎలా నిలబడాలో ఆమె నేర్పారు. మనలో ప్రతి ఒక్కరికీ ఇలాంటి టీచరు ఒకరు గుర్తుకు రాకమానరు.

1938లో హైస్కూలు ముగిసింది. కాలేజీకి వెళ్లే స్తోమత లేదు. దొరికిన పనల్లా చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో చేరి, తోటి సిపాయిల కోసం ఓడల మీదే వినోద ప్రదర్శనలు ఏర్పాటు చేశారు. యుద్ధం ముగిశాక మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వం ఇచ్చిన సాయంతో హాలీవుడ్‌లోని యాక్టర్స్ లాబ్‌లో నాటక విద్య నేర్చుకున్నారు. అంటే ఆయన చదువుకు కూడా సర్కారు సొమ్మే దిక్కయింది.

చర్చి నేలమాళిగలో మొదలు

తిరిగి న్యూయార్క్ వచ్చి సీబీఎస్ టెలివిజన్‌లో స్టేజి మేనేజరుగా చేరారు. జీతం అక్కడ, ప్రాణం మాత్రం నాటకం మీద. 1954లో కార్మికులు నివసించే లోయర్ ఈస్ట్ సైడ్ ప్రాంతంలోని ఒక చర్చి నేలమాళిగలో షేక్‌స్పియర్ వర్క్‌షాప్ ప్రారంభించారు. దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టరు చేయించారు. 1956లో ఈస్ట్ రివర్ పార్కులోని ఆరుబయలు వేదికపై రెండు నాటకాలు టిక్కెట్టు లేకుండా ఆడించారు. జీవితంలో ఎన్నడూ నాటకం చూడని కార్మిక కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి కూర్చున్నాయి.

మరుసటి ఏడాది వేదికను ట్రక్కు మీద బిగించి నగరంలోని పేటపేటకూ తిప్పారు. చివరికి ఆ ట్రక్కు సెంట్రల్ పార్కులో మొరాయించి ఆగిపోయిందని, నాటకం అక్కడే స్థిరపడిందని చెబుతారు.

రెండు పరీక్షలు

1958లో మొదటి పరీక్ష ఎదురైంది. కమ్యూనిస్టుల కోసం వెదుకుతున్న అమెరికా పార్లమెంటరీ కమిటీ ఆయనను పిలిచి, స్నేహితుల పేర్లు చెప్పమంది. ఆయన చెప్పలేదు. ఫలితంగా సీబీఎస్ ఉద్యోగం ఊడింది. యూనియన్ అండతో మధ్యవర్తిత్వానికి వెళ్లి ఆ ఉద్యోగాన్ని తిరిగి సాధించుకున్నారు.

రెండో పరీక్ష 1959లో వచ్చింది. నగర పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ మహా శక్తిమంతుడు. ఆయన కట్టించిన వంతెనలకూ రహదారులకూ లెక్కలేదు. జనం తొక్కిడికి పార్కులో గడ్డి పాడవుతోందని, ఆ ఖర్చు రాబట్టడానికి ప్రేక్షకుల వద్ద టిక్కెట్టు వసూలు చేయాలని ఆయన పట్టుబట్టారు. ఒకటి రెండు డాలర్లే కదా, ఒప్పుకుంటే గొడవ వదిలిపోతుంది. కానీ పాప్ ఒప్పుకోలేదు. లైబ్రరీలో పుస్తకానికి అద్దె లేనట్టే పార్కులో నాటకానికి టిక్కెట్టు ఉండకూడదన్నది ఆయన వాదన. ఆ రెండు డాలర్లు ఇవ్వలేక గేటు బయట ఆగిపోయే పిల్లవాడు ఎవరో ఆయనకు బాగా తెలుసు. ఒకప్పుడు తానే ఆ పిల్లవాడు.

కింది కోర్టులో ఓడిపోయారు, పై కోర్టులో గెలిచారు. 1962లో సెంట్రల్ పార్కులో సుమారు 1,800 మంది కూర్చునే డెలాకోర్ట్ థియేటర్ శాశ్వతంగా వెలిసింది. ప్రవేశం ఉచితం.

సంగీత నాటకాల ఇల్లు

ఏడాది పొడవునా నాటకాలు ఆడాలంటే పైకప్పు ఉన్న చోటు కావాలి. లఫాయెట్ వీధిలో ఆస్టర్ లైబ్రరీ అనే పాత భవనం కూల్చివేతకు సిద్ధంగా ఉంది. పాప్ 1966లో దాన్ని సంస్థ పేర కొన్నారు. ఒకప్పుడు పుస్తకాలు, ఆ తర్వాత వలస వచ్చిన యూదులకు ఆశ్రయం ఇచ్చిన భవనమది. అదే పబ్లిక్ థియేటర్ అయింది. తర్వాత 1971లో నగరపాలక సంస్థ ఆ భవనాన్ని కొని, ఏడాదికి ఒక్క డాలరు అద్దెకు మళ్లీ ఆయన సంస్థకే అప్పగించింది.

1967 అక్టోబరులో అక్కడ మొదటి నాటకంగా హెయిర్ అనే రాక్ సంగీత నాటకాన్ని ప్రదర్శించారు. వియత్నాం యుద్ధానికి ఎదురుతిరిగిన యువకుల కథ అది. ప్రదర్శనకు ముందు పెద్ద గందరగోళం జరిగింది. దర్శకుడు అలిగి వెళ్లిపోయాడు. కొత్తగా పగ్గాలు పట్టినవారితో రిహార్సల్ బెడిసికొట్టింది. పాప్ మళ్లీ పాత దర్శకుణ్ణే వెనక్కి పిలిపించారు. నాటకం బ్రాడ్వేకి వెళ్లి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అయితే దాన్ని అక్కడికి తీసుకెళ్లింది వేరే నిర్మాత కాబట్టి పబ్లిక్ థియేటరుకు దక్కింది చిన్న వాటా మాత్రమే.

ఆ పాఠం ఆయన మరిచిపోలేదు. 1971లో టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా సంగీత నాటకాన్ని పార్కు నుంచి బ్రాడ్వేకి తన సంస్థే తీసుకెళ్లింది. దానికి టోనీ అవార్డు వచ్చింది.

1974లో మైకేల్ బెనెట్ అనే నృత్య దర్శకుడు, డాన్సర్లు తమ జీవితాల గురించి చెప్పుకున్న మాటల టేపులతో ఆయన దగ్గరకు వచ్చాడు. కథ లేదు, పాటలు లేవు. పాప్ చోటు ఇచ్చారు, గడువు ఇచ్చారు, రిహార్సల్ కాలంలోనే డాన్సర్లకు వారానికి 100 డాలర్ల చొప్పున ఇచ్చారు. అప్పటికి సంస్థ అప్పుల్లో ఉంది. నెలల తరబడి సాగిన ఆ శ్రమ ఫలితమే ఎ కోరస్ లైన్. ఎనిమిది ఉద్యోగాల కోసం 17 మంది డాన్సర్లు వరుసలో నిలబడటమే అందులో కథ. ఎన్నో ఇంటర్వ్యూల లైన్లలో నిలబడిన మన పూర్వ విద్యార్థులకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు.

1975 జూలైలో అది బ్రాడ్వే చేరింది. 1976లో పులిట్జర్ బహుమతి, తొమ్మిది టోనీలు అందుకుంది. 1990 ఏప్రిల్ 28న ముగిసేనాటికి 6,137 ప్రదర్శనలు పూర్తయ్యాయి.

లాభం ఎక్కడికి పోయింది?

మనం శ్రద్ధగా గమనించాల్సింది ఇక్కడే. లాభాపేక్ష లేని సంస్థ అంటే లాభం రాని సంస్థ అని అర్థం కాదు. వచ్చిన లాభాన్ని ఎవరూ పంచుకోని సంస్థ అని అర్థం. ఎ కోరస్ లైన్ సంపాదించిన కోట్ల డాలర్లలో సంస్థ వాటా కొత్త రచయితల నాటకాలకూ పార్కులోని ఉచిత ప్రదర్శనలకూ ఖర్చయింది. టిక్కెట్టు కొనగలిగినవాడి డబ్బుతో, కొనలేనివాడికి నాటకం చూపించారు.

ఏ నాటకం వేయాలి, ఎవరు దర్శకత్వం వహించాలి, జీతాల డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అనేవన్నీ ఆయనే చూసేవారు. దాతల ఇళ్లకూ నగర కార్యాలయాలకూ అలుపెరగకుండా తిరిగేవారు. నల్లజాతి, లాటిన్ అమెరికా నటులకు పెద్ద పాత్రలు ఇచ్చారు. 1973లో పార్కులో కింగ్ లియర్‌గా నటించింది నల్లజాతి నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్.

ఆయనలో లోపాలూ ఉన్నాయి. కోపం ఎక్కువ. సహచరులతో తగాదాలు పడేవారు. 1973లో లింకన్ సెంటర్‌లోని నాటకశాలల బాధ్యత తలకెత్తుకుని, నష్టాలు భరించలేక 1977లో వదులుకున్నారు. అయినా సూత్రం దగ్గర మాత్రం వంగలేదు. 1990లో ప్రభుత్వ గ్రాంటు కావాలంటే కళలో అసభ్యత ఉండదని హామీ రాయాలన్నారు. అలాంటి షరతుకు తలొగ్గడం కంటే ఆ డబ్బు వదులుకోవడమే మేలని ఆయన గ్రాంటు తిరస్కరించారు.

1991లో ఆయన కొడుకు ఎయిడ్స్‌తో మరణించాడు. అదే ఏడాది అక్టోబరు 31న క్యాన్సర్‌తో జోసెఫ్ పాప్ కన్నుమూశారు. వయసు 70 ఏళ్లు. ఆయన నెలకొల్పిన సంస్థ ఆగలేదు. ప్రపంచమంతా మెచ్చిన హామిల్టన్ సంగీత నాటకం 2015లో మొదట ప్రదర్శించింది పబ్లిక్ థియేటర్‌లోనే. డెలాకోర్ట్ థియేటర్‌ను మరమ్మతుల తర్వాత 2025లో తిరిగి తెరిచారు. అక్కడ నాటకానికి ఇప్పటికీ టిక్కెట్టు డబ్బు లేదు.

మనం నేర్చుకోవలసింది

మనం తినే అన్నం, పడుకునే గది, చదివే పుస్తకం ఎవరి భిక్షా కాదు. ప్రజల సొమ్ముతో ప్రజల పిల్లలకు అందేవి. లైబ్రరీలో కార్డు చూపించి పుస్తకం తీసుకున్న ఆ బ్రూక్లిన్ కుర్రవాడు సిగ్గుపడలేదు. పెద్దయ్యాక తనలాంటి వేలమందికి తలుపు తెరిచాడు. అయితే ఆయన ఇంకో మాట కూడా పట్టుకున్నారు. ఉచితంగా ఇచ్చేది నాసిరకంగా ఉండకూడదు.  ఉచితం కాబట్టి పురుగుల బియ్యమైనా సర్దుకోవాలని ఎవరైనా అంటే, మనం అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. హాస్టల్ లైబ్రరీకి ఒక పుస్తకం ఇచ్చేటప్పుడు, మీ పిల్లలకు కొనే పుస్తకమే ఇవ్వండి. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. వార్షికోత్సవం నాటకానికి చుట్టుపక్కల వాళ్లు టిక్కెట్టు లేకుండా వచ్చి నేల మీద కూర్చుని చూస్తారు. డైలాగు చెప్పేవారే కాదు, పరదా లాగేవారు, మైకు సరిచేసేవారు, హార్మోనియం దగ్గర కూర్చునేవారు అందరూ పూర్తిగా రిహార్సల్ చేసి రండి. డబ్బు ఇవ్వని ప్రేక్షకుడికి మనం బాకీపడింది కూడా మంచి నాటకమే.