బాలసరస్వతి: నాట్యం మిగిలింది, ఆడినవాళ్లు ఏమయ్యారు?

1918 మే 13న మద్రాసులో బాలసరస్వతి పుట్టేనాటికి, ఆ ఇంట్లో ఆడపిల్లకు నాట్యం నేర్పించడానికి భయపడే రోజులు వచ్చేశాయి. తంజావూరు ఆస్థానంలో పాడి, ఆడిన దేవదాసీల వంశం వాళ్లది. అమ్మమ్మ వీణ ధనమ్మాళ్ పేరును సంగీతం తెలిసినవాళ్లు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. అయితే వీణకు దక్కిన మర్యాద గజ్జెలకు దక్కలేదు. బంధువులు వద్దంటున్నా తల్లి జయమ్మాళ్ పట్టుబట్టి కూతురిని కందప్ప పిళ్లై దగ్గర చేర్చారు. 1925లో, ఏడేళ్ల వయసులో, కాంచీపురంలో ఆ పిల్ల అరంగేట్రం చేసింది.

బాలసరస్వతి గొప్పతనమంతా అభినయంలో ఉంది. నాటకమంటే వేషాలు, తెరలు, పదిమంది నటులు అనుకుంటాం. ఆమె ఒక్కరే నిలబడి నాయిక అయ్యేవారు, మరుక్షణం చెలికత్తె, ఆ వెంటనే మాట తప్పి వచ్చిన మగవాడు. పాటలో ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ పాడుతుంటే ఒకసారి కోపం, ఒకసారి ఎత్తిపొడుపు, ఇంకోసారి ఓడిపోయిన ప్రేమ కనిపించేవి. తనే పాడుతూ ఆడేవారు కాబట్టి గొంతుకూ చేతికీ మధ్య ఎడం ఉండేది కాదు. ఆ పాటల్లో చాలా భాగం మన తెలుగువే, క్షేత్రయ్య పదాలు. క్షేత్రయ్య ఊరు మొవ్వ, కూచిపూడికి పక్కూరే. ఆమెకు అభినయం నేర్పినవాళ్లలో కూచిపూడి నుంచి వచ్చిన వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి కూడా ఉన్నారు. ఆ ఊరి మేళాల్లో ఆడవాళ్లకు చోటు లేదు, సత్యభామ వేషం కూడా బ్రాహ్మణ మగవాళ్లే కట్టేవారు. ఆ సంప్రదాయంలో పెరిగిన మనిషి ఒక దేవదాసీ ఇంటి అమ్మాయికి చదువు చెప్పడం చిన్న విషయం కాదు.

ఆమె ఎదుగుతున్న ఏళ్లలోనే చుట్టూ నేల కదిలింది. 1927లో ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం తీర్మానం పెట్టారు. ఆమె తల్లిది కూడా ఆ సముదాయమే. 1930లలో 'సదిర్' కాస్తా 'భరతనాట్యం' అయింది. 1935లో రుక్మిణీదేవి అడయారులో నాట్యం చేశారు, మరుసటి ఏడాది కళాక్షేత్ర మొదలైంది. పేరు మారింది, దుస్తులు మారాయి, శృంగారాన్ని తగ్గించి భక్తిని ముందుకు తెచ్చారు. బాలసరస్వతి దీనికి ఒప్పుకోలేదు. శృంగారమే ఈ కళకు ప్రాణమని, అందులో కడగాల్సిన మురికి లేదని చివరిదాకా వాదించారు. 1947 చట్టం అమ్మాయిలను దేవుడికి అంకితమివ్వడాన్నీ, గుళ్లలో ఆ స్త్రీల నాట్యాన్నీ నిషేధించింది. నర్తకులు గుడి వదిలారు. అదే నాట్యం ఆధిపత్య కులాల అమ్మాయిలతో సభలకెక్కింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. బాలసరస్వతిది దళిత కులం కాదు, ఆమెను మన మనిషిగా చేసుకోవడానికి ఆ తేడాను చెరపనక్కర్లేదు. దేవుడి పేరుతో ఆడపిల్లలను అప్పగించే ఆచారాన్ని కళ పేరు చెప్పి వెనకేసుకురావడం కూడా నాకు చేతకాదు. కళాక్షేత్ర మొదలైన ఆ 1936లోనే బొంబాయిలో అంబేద్కర్ దేవదాసీలు, జోగినీల సభకు వెళ్లి, ఆ బతుకు విడిచి బయటికి రమ్మని అడిగారు. మన పల్లెల్లో జోగినీలైన మాల, మాదిగ స్త్రీలు జాతరల్లో, శవయాత్రల్లో ఆడారు. వాళ్ల ఆటను కాపాడాలని ఏ అకాడమీ అనుకోలేదు. దాన్ని కళ అని పిలిచినవాళ్లే తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. సంస్కరణ ఒకరి దగ్గర కళను తీసి ఇంకొకరికిచ్చింది, మరొకరి వైపు అసలు చూడనేలేదు. ఈ మూడింటినీ కలిపి చూడకపోతే బాలసరస్వతి కథ ఒక మేధావి ఒంటరి విజయగాథగా మిగిలిపోతుంది.

విజయాలు లేవని కాదు. 1940లలో అవకాశాలు తగ్గి, ఆరోగ్యం దెబ్బతిని ఆమె దాదాపు తెరమరుగయ్యారు. 1953లో మ్యూజిక్ అకాడమీ ఆధ్వర్యంలో నాట్య పాఠశాల మొదలుపెట్టారు. 1961లో టోక్యోలో, మరుసటి ఏడాది అమెరికాలో ఆడారు. 1957లో పద్మభూషణ్, 1977లో పద్మవిభూషణ్ వచ్చాయి. సంగీత విద్వాంసులకిచ్చే సంగీత కళానిధి 1973లో ఈ నర్తకికి దక్కింది. ధనమ్మాళ్ మనవరాలికి అది న్యాయమే. 1976లో సత్యజిత్ రాయ్ ఆమెపై తీసిన సినిమాలో సముద్రం వెనకగా, గాలికి చీర ఎగురుతుండగా ఆమె కృష్ణుణ్ని పిలుస్తూ అభినయిస్తారు. నడివయసు దాటిన ఆ ముఖంలో కనిపించేది పసిబిడ్డను పిలిచే తల్లి.

1984 ఫిబ్రవరి 9న ఆమె మద్రాసులో కన్నుమూశారు. కూతురు లక్ష్మి ఆ బాణీని కొనసాగించారు. అలాంటి వంశాలకు చెందిన ఎన్నో ఇళ్లలో మాత్రం ఆడపిల్లలకు గజ్జె కట్టడం అప్పటికి చాలా ఏళ్ల క్రితమే ఆగిపోయింది.