చదువుతోపాటు ఆసరా ఇచ్చిన గురువు – పట్రాయని సీతారామశాస్త్రి

ఘంటసాల పాట వినని తెలుగువారు ఉండరు. మన రేపల్లె దగ్గరి పెదపులివర్రు ఆయనకు అత్తవారి ఊరు. 1944లో ఆయన వివాహమైంది. ఆ ఊరివారైన సముద్రాల రాఘవాచార్యులు గారు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. ఇదంతా మన ప్రాంతంలో పెద్దలు చెప్పుకునేదే. కాని ఆ గొంతుకు సంగీతం నేర్పిన గురువు గురించి మనలో చాలామందికి తెలియదు. ఆయనే పట్రాయని సీతారామశాస్త్రి గారు.

శాస్త్రి గారు 1900లో జన్మించారు. తండ్రి నరసింహశాస్త్రి గారు సాలూరులో పేరుపొందిన సంగీత విద్వాంసులు. అందుకే తండ్రిని సాలూరి పెదగురువు గారనీ, కుమారుని చినగురువు గారనీ పిలిచేవారు. చినగురువు గారు హార్మోనియం తానే వాయించుకుంటూ కచేరీలు చేసేవారు. స్వయంగా పాటలు, పద్యాలు రాసేవారు. రాగం ఎంత గొప్పగా పాడినా అందులో సాహిత్యం, భావం చెడిపోకూడదన్నది ఆయన పద్ధతి.

విజయనగరంలో 1919లో విజయరామ గజపతి గారు సంగీత కళాశాల స్థాపించారు. దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. 1936లో ఆయన తరువాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆ పదవిలోకి వచ్చారు. ఆ సంవత్సరమే శాస్త్రి గారు అక్కడ గాత్ర అధ్యాపకులుగా చేరారు. తరువాతి జీవితంలో ఎక్కువ భాగం ఆ ఉద్యోగంలోనే గడిచింది.

ఆ రోజుల్లో తండ్రి లేని ఒక కుర్రవాడు ఉంగరం అమ్ముకొని కృష్ణా జిల్లా నుండి విజయనగరం చేరాడు. అతనే ఘంటసాల వెంకటేశ్వరరావు. ఉండటానికి చోటు లేదు, తినడానికి తిండి లేదు. శాస్త్రి గారు అతన్ని చేరదీశారు. డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. ఆయనదీ కలిగిన ఇల్లు కాదు. అందువల్ల ఆ శిష్యుడు జోలె పట్టుకొని ఇంటింటికీ వెళ్ళి మధూకరం ఎత్తుకొని చదువుకున్నాడు. ఈనాడు ఘంటసాల పద్యం పాడితే ప్రతి మాటా విడిగా, స్పష్టంగా వినిపిస్తుందంటే, అందులో గురువు గారి శిక్షణ ఉంది.

శాస్త్రి గారు 1957లో కన్నుమూశారు. ఆయన కుమారుడు సంగీతరావు గారు మద్రాసులో ఘంటసాలకు సంగీత సహాయకులుగా పనిచేశారు. తండ్రి దగ్గర మొదలైన బంధం అలా కొడుకు వరకు సాగింది.

హాస్టల్ మిత్రులారా, ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆనాటి మధూకరం అందరికీ దొరికేది కాదు. మన తాతలు అదే వీధిలో జోలె పట్టుకొని నిలబడితే అన్నం పెట్టేవారు కాదు, చదువు చెప్పేవారు అంతకంటే కాదు. దానానికి కూడా కులం ఉండేది. ఈనాడు మన కంచంలో పడే అన్నం దానం కాదు, పోరాడి సాధించుకున్న హక్కు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. ఆ అన్నం లేకపోతే ఈ నాలుగు మాటలు రాయగలిగేవాడిని కాను.

అయినా హక్కు అన్నం పెడుతుంది గాని, పక్కన కూర్చోబెట్టుకొని పాఠం చెప్పదు. దానికి మనిషి కావాలి. శాస్త్రి గారు అటువంటి మనిషి. పై చదువులకు వెళ్ళిన మనలో ప్రతి ఒక్కరూ సెలవుల్లో వచ్చి, ఇక్కడి ఒక్క తమ్ముడికైనా రాని పాఠం నేర్పితే, అదే ఆ గురువుకు మనమిచ్చే నిజమైన నివాళి.